జవాబు రాకపోతే ఏం జరిగినట్టు?

వెబ్‌పేజీలో ఫారం నింపి బటన్ నొక్కారు. చక్రం తిరుగుతూనే ఉంది. ముప్పై సెకన్లు గడిచినా ఉలుకూ పలుకూ లేదు. అసలేం జరిగి ఉండవచ్చు? రిక్వెస్ట్ సర్వర్ దాకా చేరకపోయి ఉండవచ్చు. చేరాక, పని సగంలో ఉండగా సర్వర్ కూలిపోయి ఉండవచ్చు. పని మొత్తం పూర్తయ్యాక జవాబు మాత్రం దారిలో పోయి ఉండవచ్చు. లేదా అంతా సవ్యంగానే ఉండి, కాస్త నెమ్మదిగా నడుస్తూ ఉండవచ్చు. బటన్ నొక్కిన వైపు నుంచి చూస్తే నాలుగూ ఒకేలా ఉంటాయి.

ఒకే కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రామ్‌కు ఈ బాధ లేదు. ఫంక్షన్‌ను పిలిస్తే ఫలితమో ఎర్రరో వస్తుంది. మెషీన్ ఆగిపోతే పిలిచిన కోడూ, పని చేస్తున్న కోడూ కలిసే ఆగిపోతాయి. మెషీన్లు రెండై మధ్యలో నెట్‌వర్క్ చేరగానే ఒక వైపు బతికి ఉండి, ఇంకో వైపు ఏమైందో తెలియని స్థితి వచ్చిపడుతుంది. సర్వర్లు వేలల్లో ఉండనక్కర్లేదు, రెండు చాలు, అది డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమే. 1985లో ఫిషర్, లించ్, ప్యాటర్సన్ అనే ముగ్గురు పరిశోధకులు దీనికి గణితపరమైన హద్దు చూపించారు. సందేశాల ఆలస్యానికి పరిమితి లేని నెట్‌వర్క్‌లో, ఒక్క మెషీన్ ఆగిపోయే అవకాశం ఉన్నా, మిగిలినవి ఎప్పటికైనా ఒక నిర్ణయానికి వచ్చి తీరతాయని హామీ ఇచ్చే నిర్ణీత పద్ధతి సాధ్యం కాదని నిరూపించారు. ఆగిపోయిన మెషీన్‌కూ నెమ్మదించిన మెషీన్‌కూ తేడా బయటివాళ్లకు తెలియకపోవడమే దీని మూలం. అంటే టైమౌట్ పెట్టడమంటే (ఇంతసేపు చూసి ఇక జవాబు రాదనుకోవడమంటే) ఒక అంచనా కట్టడం. వెబ్ సర్వీసుల నిర్మాణంలో కనిపించే నియమాల్లో చాలా భాగం, ఆ అంచనా తప్పినా కొంప మునగకుండా చూసుకోవడానికి పుట్టినవే.

దారిలో ఎన్ని మజిలీలు

ముందు దూరం సంగతి. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2,00,000 కిలోమీటర్లు వెళుతుంది. సర్వర్ 10,000 కిలోమీటర్ల దూరంలో ఉంటే పోయి రావడానికి కనీసం 100 మిల్లీసెకన్లు. కేబుళ్లు తిన్నగా పోవు, రౌటర్ల దగ్గర కాస్త ఆగాలి, కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే. ఎంత ఖరీదైన ప్రాసెసర్ కొన్నా ఇది తగ్గదు. కొత్త కనెక్షన్ తెరవాలంటే డేటాను సక్రమంగా చేరవేసే టీసీపీకి ఒక రాకపోక, దాన్ని గోప్యంగా ఉంచే టీఎల్‌ఎస్ 1.3కి ఇంకొకటి, అసలు రిక్వెస్ట్‌కు మరొకటి కావాలి. జవాబులో మొదటి బైట్ చేరేసరికి 300 మిల్లీసెకన్లు అవుతుంది. పాత టీఎల్‌ఎస్ 1.2 అయితే 400. టీసీపీ, టీఎల్‌ఎస్‌ల తొలి పలకరింపులను కలిపేసిన క్విక్ ప్రోటోకాల్‌తో 200కి దిగుతుంది. తెరిచిన కనెక్షన్‌ను మూయకుండా మళ్లీ మళ్లీ వాడుకోవడం, పేజీల కాపీలను వినియోగదారులకు దగ్గరలోని సీడీఎన్ సర్వర్లలో ఉంచడం, రెండూ ఈ లెక్కలోంచే వచ్చాయి.

కనెక్షన్ కంటే ముందు సైట్ పేరును ఐపీ అడ్రస్‌గా (మెషీన్‌ను చేరే అంకెల చిరునామాగా) మార్చుకోవాలి. 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించిన డీఎన్‌ఎస్ ఆ పని చేస్తుంది. ప్రపంచం మొత్తానికీ ఒకే జాబితా పెట్టకుండా అధికారాన్ని అంచెలుగా పంచేయడమే అందులోని తెలివి. పైన రూట్, దాని కింద డాట్ కామ్ లాంటివి, వాటి కింద ఎవరి డొమైన్ వారిది. రూట్ సర్వర్ల పేర్లు 13 మాత్రమే అయినా, ఒకే అడ్రస్‌ను అనేక చోట్ల నుంచి ప్రకటించే ఎనీకాస్ట్ వల్ల వాటి వెనక ఉన్న మెషీన్లు వెయ్యికి పైనే. ప్రతి జవాబుతో పాటు దాన్ని ఎన్ని సెకన్లు గుర్తుపెట్టుకోవచ్చో చెప్పే టీటీఎల్ కూడా వస్తుంది. సర్వర్‌ను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చేటప్పుడు చాలామంది తడబడేది ఇక్కడే. టీటీఎల్ 86,400 అయితే, దాన్ని 300కి తగ్గించిన తర్వాత పూర్తిగా ఒక రోజు ఆగాలి. పాత విలువను పట్టుకున్న రిజాల్వర్లకు (మన తరఫున డీఎన్‌ఎస్‌ను అడిగే సర్వర్లకు) తగ్గించిన సంగతి అప్పటిదాకా తెలియదు. ఆ తర్వాతే అడ్రస్ మార్చాలి. మార్చాక కూడా పాత సర్వర్‌ను వెంటనే ఆపకూడదు. ఒకసారి తెలుసుకున్న అడ్రస్‌ను రీస్టార్ట్ అయ్యేదాకా వదలని ప్రోగ్రామ్‌లు ఉంటాయి. పాత సర్వర్ లాగ్‌లో రిక్వెస్టులు నిజంగా ఆగాయని చూసుకున్నాకే దాని జోలికి వెళ్లాలి.

సర్వర్ దగ్గరికి చేరాక కూడా ప్రయాణం ముగియదు. రిక్వెస్టులను సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్, అప్లికేషన్ సర్వర్, లాగిన్ తనిఖీ చేసే సర్వీస్, డేటాబేస్, తరచూ కావలసినవాటి కాపీలు ఉంచే కాష్, పనులను వరుసలో ఉంచే క్యూ... ఒక పేజీ వెనక ముప్పై సర్వీసులు ఉండటం పెద్ద సంస్థల్లో మామూలే. ఒక్కోటి 99.9 శాతం కాలం పనిచేస్తుందనుకుందాం. అంటే ఏడాదికి దాదాపు 8 గంటల 45 నిమిషాలే ఆగుతుంది. పేజీకి ముప్పైయీ తప్పనిసరై, దేని వైఫల్యం దానిదే అయితే మొత్తం మీద మిగిలేది 97 శాతం. ఏడాదికి దాదాపు 11 రోజులు పేజీ రాదన్నమాట. ఆలస్యాల లెక్క ఇంకా మొరటుగా ఉంటుంది. ఒక సర్వర్ నూటికి ఒక్కసారే నెమ్మదిస్తుందనుకున్నా, ఒక పేజీ కోసం అలాంటి వంద సర్వర్లను ఒకేసారి అడిగితే, వాటిలో కనీసం ఒకటి నెమ్మదించే అవకాశం 63 శాతం. సగటు వేగం చూసి సంతోషించే డాష్‌బోర్డులు ఈ సంగతిని చక్కగా దాచిపెడతాయి. చూడాల్సింది 99వ పర్సెంటైల్‌ను, అంటే నూటికి 99 రిక్వెస్టులు ఎంతలోపు ముగుస్తాయో ఆ సమయాన్ని.

గెట్, పుట్, పోస్ట్: ఒక ఒప్పందం

టిమ్ బెర్నర్స్-లీ 1989లో సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రంలో వెబ్‌ను ప్రతిపాదించినప్పుడు చేసిన ఒక ఎంపిక చాలామందికి లోపంలా తోచింది. లింకు ఒక వైపే ఉంటుంది. అవతలి పేజీకి తనను ఎవరు చూపిస్తున్నారో తెలియదు, ఆ పేజీని తీసేస్తే లింకు విరిగిపోతుంది, 'పేజీ దొరకలేదు' అనే 404 వస్తుంది. రెండు వైపులా లింకులను సరిగ్గా ఉంచాలంటే ఎక్కడో ఒక కేంద్రం అన్నిటినీ చూసుకోవాలి, ప్రతి మార్పుకూ ఇద్దరి అంగీకారం ఉండాలి. ఆ సమన్వయాన్ని వదులుకోవడం వల్లే ఎవరినీ అడగకుండా ఎవరైనా సర్వర్ పెట్టుకోగలిగారు. విరిగిన లింకు ఆ స్వేచ్ఛకు కట్టిన మూల్యం.

ఇలాంటి పొదుపే బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే హెచ్‌టీటీపీలోని మెథడ్‌లలోనూ (రిక్వెస్ట్ రకాల్లోనూ) ఉంది. గెట్ అంటే చదవడం మాత్రమే, దేన్నీ మార్చకూడదు. పుట్, డిలీట్ మార్చవచ్చు, కానీ ఒకసారి చేసినా పదిసార్లు చేసినా చివరి స్థితి ఒకటే అయి ఉండాలి. పోస్ట్‌కు అలాంటి హామీ ఏదీ లేదు. దీని విలువ మధ్యలో ఉన్న మెషీన్ల వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. మధ్యలో రిక్వెస్టులను అందుకుని ముందుకు పంపే ప్రాక్సీకి అప్లికేషన్ గురించి ఏమీ తెలియదు. అయినా వెనక ఒక సర్వర్ జవాబివ్వకపోతే గెట్‌ను నిర్భయంగా ఇంకో సర్వర్‌కు పంపగలదు. పోస్ట్‌ను అలా పంపకూడదు. ఎన్‌జినెక్స్ అనే వెబ్ సర్వర్ కూడా 1.9.13 వెర్షన్ నుంచి, ఒకసారి వెనక సర్వర్‌కు వెళ్లిన పోస్ట్‌ను మామూలు సెట్టింగులతో రెండో సర్వర్‌కు ఇవ్వదు. రాయ్ ఫీల్డింగ్ 2000లో తన సిద్ధాంత గ్రంథంలో రెస్ట్ అని పేరుపెట్టి వివరించిన నిర్మాణ శైలికి ప్రాణం ఇదే: ప్రతి రిక్వెస్ట్ తనకు కావలసిన సమాచారమంతా తనతోనే తెచ్చుకోవాలి, దాని అర్థం మధ్యవర్తులకు పైకే కనిపించాలి. యూఆర్‌ఎల్‌లో నామవాచకాలు వాడాలా క్రియలు వాడాలా అన్న వాదనలు దీనితో పోలిస్తే చిల్లర విషయాలు.

ఒప్పందాన్ని మీరితే ఏమవుతుందో 2005లో బయటపడింది. పేజీలోని లింకులను వినియోగదారు నొక్కక ముందే తెచ్చిపెట్టుకునే గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ అప్పుడే విడుదలైంది. 'తొలగించు' పనిని మామూలు గెట్ లింకుగా పెట్టిన అప్లికేషన్లలో అది ఆ లింకులనూ తెరిచేసింది. డేటా పోయింది. సాఫ్ట్‌వేర్ ప్రమాణం ప్రకారమే నడిచింది, నడవనివి ఆ అప్లికేషన్లు.

పోస్ట్‌ను రెండుసార్లు పంపాల్సి వస్తే

డబ్బు బదిలీ, ఆర్డరు, టికెట్టు లాంటివన్నీ పోస్ట్‌లే. జవాబు రాలేదని మళ్లీ పంపితే రెండుసార్లు డబ్బు పోవచ్చు, పంపకపోతే పనే జరగకపోవచ్చు. 'సరిగ్గా ఒక్కసారే చేరవేస్తాం' అని చెప్పే ఉత్పత్తులు చాలా ఉన్నాయి గానీ, నెట్‌వర్క్ మీద అలాంటి చేరవేత సాధ్యం కాదు. చేయగలిగింది ఒకటే. కనీసం ఒకసారి చేరేదాకా పంపుతూ ఉండాలి, అవతలి వైపు నకళ్లను గుర్తుపట్టాలి. దీనికి వాడేది ఐడెంపొటెన్సీ కీ.

పద్ధతి చెప్పడానికి తేలికే. క్లయింట్ ఒక యాదృచ్ఛిక గుర్తింపు సంఖ్యను తయారుచేసి రిక్వెస్ట్ హెడర్‌లో పంపుతుంది. సర్వర్ దాన్ని డేటాబేస్‌లో రాసుకుని పని చేసి, ఇచ్చిన జవాబును కూడా దాని పక్కనే దాస్తుంది. అదే కీ మళ్లీ వస్తే పని చేయకుండా దాచిన జవాబునే తిరిగిస్తుంది. తప్పులు మాత్రం అమలులో దొర్లుతాయి. అన్నిటికంటే తరచుగా కనిపించేది, కీని రిట్రై లూప్ (మళ్లీ మళ్లీ ప్రయత్నించే కోడ్) లోపల తయారుచేయడం. అప్పుడు ప్రతి ప్రయత్నానికీ కొత్త కీ వస్తుంది, రక్షణ పేరుకే మిగులుతుంది. కీ పుట్టాల్సింది వినియోగదారు బటన్ నొక్కినప్పుడు. యాప్ మూసి తెరిచినా అదే కీ ఉండేలా మొదటి ప్రయత్నానికి ముందే దాన్ని ఫోన్‌లోనో బ్రౌజర్‌లోనో భద్రపరచాలి.

సర్వర్ వైపు 'కీ ఉందా అని చూడు, లేకపోతే రాయి' అని రెండు అడుగులుగా రాయడం ఇంకో తప్పు. ఐదు మిల్లీసెకన్ల తేడాతో వచ్చిన రెండు రిక్వెస్టులూ 'లేదు' అనే చూస్తాయి, రెండూ ముందుకు పోతాయి. కీ కాలమ్‌కు యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే విలువను రెండుసార్లు రాయనివ్వని డేటాబేస్ నియమం) పెట్టి నేరుగా ఇన్‌సర్ట్ చేయాలి. ఓడిపోయిన రిక్వెస్ట్‌కు మొదటిది ఇంకా నడుస్తోందని 409 అనే ఎర్రర్ కోడ్ ఇవ్వాలి. కీతో పాటు రిక్వెస్ట్ సారాంశపు హ్యాష్‌ను (దాని నుంచి లెక్కించే చిన్న గుర్తును) కూడా దాచడం మంచిది. అదే కీతో వేరే మొత్తం వస్తే అది క్లయింట్‌లోని బగ్, దానికి పాత జవాబు ఇచ్చి ఊరుకోకుండా ఎర్రర్ చూపాలి. కీ రాయడం, ఖాతాలో మార్పు ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే జరిగితే రెండూ జరిగి లేకపోతే ఏదీ జరగని ఒకే కట్టలో, జరగాలి. ఇక ఆ ట్రాన్సాక్షన్ మధ్యలో ఈమెయిల్ పంపడమో, ఇంకో సర్వీసును పిలవడమో చేస్తే మొదటికొస్తుంది. ట్రాన్సాక్షన్ వెనక్కి తిరిగినా వెళ్లిన ఈమెయిల్ వెనక్కి రాదు. అందుకే 'ఈ ఈమెయిల్ పంపాలి' అన్న వరుసను కూడా అదే ట్రాన్సాక్షన్‌లో అవుట్‌బాక్స్ టేబుల్‌లో రాసి, వేరే ప్రాసెస్ దాన్ని చదివి పంపేలా చేస్తారు. ఆ ప్రాసెస్ పంపాక, పంపినట్టు రాసుకునే లోపు కూలిపోతే ఈమెయిల్ రెండోసారి వెళుతుంది. అది భరించదగిన తప్పు. బయటి సర్వీసు విషయంలో భరించలేకపోతే దానికీ ఒక కీ పంపాల్సిందే.

ఎంతసేపు ఆగాలి, ఎన్నిసార్లు అడగాలి

టైమౌట్ పెట్టకపోతే ఏదో ఒక మంచి విలువ దానంతటదే ఉంటుందనుకోవడం పొరపాటు. పైథాన్‌లో ఎక్కువగా వాడే రిక్వెస్ట్స్ లైబ్రరీకీ, గో భాషలోని హెచ్‌టీటీపీ క్లయింట్‌కూ చెప్పకపోతే టైమౌటే లేదు. 6.5కి ముందు లినక్స్ వెర్షన్లలో, సెట్టింగులు మార్చకపోతే, టీసీపీ కనెక్షన్‌కు జవాబు రాకపోతే 1, 2, 4 సెకన్ల చొప్పున రెట్టింపు చేసుకుంటూ ఆరుసార్లు మళ్లీ అడిగి, చివరికి ఆశ వదులుకునేసరికి దాదాపు 127 సెకన్లు గడుస్తాయి. వినియోగదారు అప్పటికి రెండు మూడుసార్లు రిఫ్రెష్ కొట్టి ఉంటాడు.

నిదానంగా జవాబిచ్చే సర్వీస్, పూర్తిగా పడిపోయినదాని కంటే ఎందుకు ప్రమాదమో ఒక లెక్కతో తెలుస్తుంది. సర్వర్‌లో ఒక్కోటి ఒకసారికి ఒక్క రిక్వెస్ట్‌నే చూసే 200 థ్రెడ్లు ఉండి ఒక్కో రిక్వెస్ట్‌కు 100 మిల్లీసెకన్లు పడితే సెకనుకు 2,000 రిక్వెస్టులు తట్టుకుంటుంది. వెనక ఉన్న ఒక సర్వీస్ నెమ్మదించి ఒక్కో రిక్వెస్ట్ 10 సెకన్లు పడితే అదే సర్వర్ సెకనుకు 20 మాత్రమే చేయగలదు. ఆ సర్వీస్‌తో సంబంధం లేని పేజీలు కూడా థ్రెడ్ దొరక్క ఆగిపోతాయి. పడిపోయిన సర్వీస్ అయితే వెంటనే ఎర్రర్ వచ్చి థ్రెడ్ ఖాళీ అయ్యేది. అందుకే వరుసగా వైఫల్యాలు వస్తే కొంతసేపు అడగడమే మానేసే సర్క్యూట్ బ్రేకర్లు, ఒక్కో సర్వీస్‌కు విడివిడి కనెక్షన్ పూల్‌లు అవసరమవుతాయి.

రిట్రై మంచి మందే గానీ మోతాదు మించితే అదే రోగమవుతుంది. మూడు అంచెల వ్యవస్థలో ప్రతి అంచె మొత్తం మూడుసార్లు ప్రయత్నిస్తే, పైన ఒక్క క్లిక్‌కు అడుగున ఉన్న డేటాబేస్‌కు 27 ప్రశ్నలు చేరతాయి. అదీ డేటాబేస్ ఇప్పటికే ఆయాసపడుతున్న సమయంలో. రిట్రై ఒక్క అంచెలోనే ఉండాలి. ప్రయత్నాల మధ్య వ్యవధి రెట్టింపవుతూ పోవాలి, అందులో యాదృచ్ఛిక భాగం తప్పకుండా ఉండాలి. అది లేకపోతే ఒకే క్షణంలో విఫలమైన పదివేల క్లయింట్లూ మళ్లీ ఒకే క్షణంలో తిరిగొస్తాయి. మొత్తం ట్రాఫిక్‌లో రిట్రైలు పదో వంతు మించకూడదని ఒక పరిమితి పెట్టడం ఇంకా మేలు. రిక్వెస్టే తప్పు, అనుమతి లేదు అని చెప్పే 400, 403 లాంటి జవాబులకు మళ్లీ అడిగి లాభం లేదు. మరీ ఎక్కువసార్లు అడిగారనే 429, ప్రస్తుతం అందుబాటులో లేదనే 503లతో పాటు ఎంతసేపు ఆగాలో చెప్పే రిట్రై-ఆఫ్టర్ హెడర్ వస్తే దాన్ని పాటించాలి. పై అంచె టైమౌట్ 2 సెకన్లయి కింది అంచెది 30 సెకన్లయితే, ఎవరూ ఎదురుచూడని జవాబు కోసం కింది సర్వర్ 28 సెకన్లు శ్రమపడుతుంది. మిగిలిన గడువును రిక్వెస్ట్‌తో పాటే కిందికి పంపితే ఈ వృథా ఉండదు.

రోజుల తరబడి ఏడిపించే ఒక చిన్న లోపం గురించి కూడా చెప్పుకోవాలి. ట్రాఫిక్ తక్కువే, సర్వర్లు ఆరోగ్యంగానే ఉన్నాయి, అయినా వెనక సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదనే 502 అప్పుడప్పుడు వస్తుంది. లోడ్ బ్యాలెన్సర్ ఖాళీ కనెక్షన్‌ను 60 సెకన్లు ఉంచుకుంటుంది, వెనక ఉన్న నోడ్.జేఎస్ సర్వర్ చాలా వెర్షన్లలో డిఫాల్ట్‌గా 5 సెకన్లకే మూసేస్తుంది. మూసేస్తున్న సందేశం దారిలో ఉండగానే ఇటు నుంచి కొత్త రిక్వెస్ట్ బయలుదేరితే ఢీకొంటాయి. వెనక సర్వర్ వ్యవధి లోడ్ బ్యాలెన్సర్ వ్యవధి కంటే ఎక్కువ ఉండాలి, 65 సెకన్లు పెడితే సరిపోతుంది.

కాపీలు పెరిగితే

వేగం కోసం కాపీలు పెట్టుకున్నాక ఏది నిజం అన్న ప్రశ్న వస్తుంది. ఎరిక్ బ్రూవర్ 2000లో చెప్పి, గిల్బర్ట్, లించ్ 2002లో నిరూపించిన క్యాప్ సిద్ధాంతం ప్రకారం, నెట్‌వర్క్ రెండుగా చీలినప్పుడు రెండు వైపులా జవాబివ్వడం, అందరికీ ఒకే నిజం చెప్పడం రెండూ కుదరవు. రోజువారీ పనిలో ఎదురయ్యే చిక్కు దీని కంటే చిన్నది. ప్రొఫైల్ మార్చి సేవ్ కొడితే ప్రధాన డేటాబేస్‌లో పడుతుంది, పేజీ మళ్లీ తెరిస్తే సెకను వెనకబడిన రెప్లికా (దాని కాపీ) నుంచి పాతదే వస్తుంది. రాసిన మనిషిని కొన్ని సెకన్ల పాటు ప్రధాన డేటాబేస్‌కే పంపడం దీనికి చవకైన మందు. మూడు కాపీలున్న చోట రాయడానికి రెండు, చదవడానికి రెండు తప్పనిసరి చేస్తే కనీసం ఒక కాపీ రెండింటిలోనూ ఉంటుంది. తాజా విలువ ఏదో సర్వర్ల గడియారాల సమయంతో తేల్చకూడదు. గడియారం 200 మిల్లీసెకన్లు ముందున్న సర్వర్ రాసిందే గెలుస్తుంది, తర్వాత రాసింది చడీచప్పుడు లేకుండా పోతుంది. వెర్షన్ నంబరు వాడాలి. హెచ్‌టీటీపీలో ఆ ఏర్పాటు ఈట్యాగ్ రూపంలో ఎప్పటినుంచో ఉంది. చదివినప్పుడు వచ్చిన ఈట్యాగ్‌ను రాసేటప్పుడు ఇఫ్-మ్యాచ్ హెడర్‌లో పంపితే, మధ్యలో ఇంకెవరో మార్చి ఉంటే సర్వర్ 412 అని తిరస్కరిస్తుంది. అయినా దీన్ని వాడే ఏపీఐలు (ప్రోగ్రామ్‌లు ఒకదాన్నొకటి పిలిచే ద్వారాలు) తక్కువే.

కాష్ గడువు ముగిసే క్షణం కూడా గండమే. సెకనుకు 2,000 మంది చూసే పేజీని తిరిగి తయారుచేయడానికి అర సెకను పడితే, ఆ అర సెకనులో వెయ్యి మంది డేటాబేస్ మీద పడతారు. ఒక్కరే తయారుచేసి మిగతావాళ్లకు అప్పటిదాకా పాత కాపీ ఇవ్వాలి.

పెద్ద కంపెనీలు ఆగిపోయిన రోజులు

2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు మాయమైంది. నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక కమాండ్ డేటాసెంటర్లను కలిపే సొంత నెట్‌వర్క్‌ను తెంచేసింది. డేటాసెంటర్లను చేరలేకపోతే తమలోనే లోపం ఉందనుకుని ఇంటర్నెట్ నుంచి తప్పుకునేలా డీఎన్‌ఎస్ సర్వర్లను రాసిపెట్టారు. ఒక సర్వర్ తప్పుకుంటే అది మంచి జాగ్రత్తే. అన్నీ ఒకేసారి తప్పుకున్నాయి. బాగుచేయడానికి వాడే లోపలి పనిముట్లు కూడా అదే నెట్‌వర్క్ మీద ఉండటంతో ఇంజనీర్లు స్వయంగా డేటాసెంటర్లకు వెళ్లాల్సి వచ్చింది. సర్వర్ బాగుందో లేదో లోడ్ బ్యాలెన్సర్ చూసే హెల్త్ చెక్‌లో డేటాబేస్‌ను కూడా పరీక్షించేవాళ్లకు ఇదే ప్రమాదం చిన్న ఎత్తున పొంచి ఉంటుంది. డేటాబేస్ రెండు సెకన్లు తడబడితే చాలు, అన్ని సర్వర్లూ అనారోగ్యమని తేలి పేజీ పూర్తిగా పోతుంది. సగానికి మించి సర్వర్లు ఒకేసారి చెడిపోయినట్టు కనిపిస్తే పరీక్షనే అనుమానించి, అన్నిటికీ ట్రాఫిక్ పంపడం మేలు.

అంతకు కొన్ని నెలల ముందు, అదే ఏడాది జూన్ 8న, సీడీఎన్ సంస్థ ఫాస్ట్‌లీలో ఒక కస్టమర్ చేసిన సక్రమమైన మార్పు, మే నెలలో విడుదలైన సాఫ్ట్‌వేర్‌లో దాగిన బగ్‌ను లేపింది. నెట్‌వర్క్‌లో 85 శాతం ఎర్రర్లు ఇచ్చింది. 49 నిమిషాల్లో 95 శాతం కోలుకుంది. కాపీలు ఎన్ని ఖండాల్లో ఉన్నా, అన్నిటిలోనూ అదే కోడ్, అదే కాన్ఫిగరేషన్ ఉంటే అవి స్వతంత్రమైన కాపీలు కావు. పైన వేసిన 97 శాతం లెక్క దేని వైఫల్యం దానిదే అన్న ఊహ మీద నిలబడిందని ఇక్కడ గుర్తుంచుకోవాలి.

2017 ఫిబ్రవరి 28న, ఫైళ్లను దాచిపెట్టే అమెజాన్ ఎస్3 సేవ ఉత్తర వర్జీనియాలో ఆగిపోయింది. కొన్ని సర్వర్లను తీసేయడానికి ఇచ్చిన కమాండ్‌లో ఒక విలువ తప్పు పడి అనుకున్నదానికంటే ఎక్కువ సర్వర్లు పోయాయి. పోయిన ఉపవ్యవస్థలను పూర్తిగా రీస్టార్ట్ చేయాల్సి వచ్చింది, పెద్ద రీజియన్లలో చాలా ఏళ్లుగా ఆ పని చేయకపోవడంతో అనుకున్నదానికంటే ఎక్కువసేపు పట్టింది. సేవల స్థితిని కస్టమర్లకు చూపించే డాష్‌బోర్డును అప్‌డేట్ చేయడం కూడా కొంతసేపు కుదరలేదు, దాన్ని నడిపే కన్సోల్ ఎస్3 మీదే ఆధారపడి ఉంది. ఆ తర్వాత కమాండ్ నడిపే పనిముట్టును మార్చారు: సర్వర్లను నెమ్మదిగానే తీస్తుంది, ఏ ఉపవ్యవస్థనూ కనీస సామర్థ్యం కంటే కిందికి దించనివ్వదు. డాష్‌బోర్డు కన్సోల్‌ను ఒకటికి మించిన రీజియన్లలో నడిచేలా చేశారు.